అసలు సంగతి పిడి లోపల ఉంది: లాంగ్‌సోర్డ్ నకళ్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి: లాంగ్‌సోర్డ్. సుమారు 1350 నుంచి 1550 వరకు ఐరోపాలో వాడుకలో ఉన్న, రెండు చేతులతో పట్టుకునే నిటారు ఖడ్గం ఇది. దాని అలంకార నకళ్లు కొనబోయేవాళ్లు, ఇప్పటికే కొని గోడకు తగిలించినవాళ్లు అడిగిన వాటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మొదటిసారి ఒక లాంగ్‌సోర్డ్ నకలు కొందామనుకుంటున్నాను. ఫొటోల్లో రెండు కత్తులు అచ్చం ఒకేలా ఉన్నాయి. ఒకటి ‘డెకరేటివ్’ అట, రెండోది ‘బ్యాటిల్ రెడీ’ అట. ధరల్లో మాత్రం పొంతనే లేదు. అమ్మేవాళ్లను ఏం అడగాలి?

జవాబు: తేడా ఉన్న చోటు ఫొటోలో పడదు. అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, గార్డ్ దగ్గర, అంటే పిడికి ముందు అడ్డంగా ఉండే కడ్డీ దగ్గర, ఆగిపోదు. సన్నబడుతూ పిడిలోంచి వెళ్లి చివరి గుండు దాకా సాగుతుంది. పిడిలో దాగిన ఈ భాగమే టాంగ్, చివరి గుండు పామెల్. సరైన పద్ధతిలో చేసిన కత్తిలో అలుగు, టాంగ్ ఒకే ఉక్కు ముక్క. టాంగ్ కొసను పామెల్ కన్నంలోంచి బయటికి తీసి, వేడి చేసి, సుత్తితో కొట్టి రివెట్ తలలా వెడల్పు చేస్తారు. గార్డ్, పిడి, పామెల్ అన్నీ ఆ బిగువు మీదే నిలబడతాయి.

చవక అలంకార కత్తుల్లో చాలావాటికి ఇలా ఉండదు. అలుగు వెనక రెండు మూడు అంగుళాల తునక వదిలి, దానికి మరలున్న సన్నటి కడ్డీని వెల్డ్ చేస్తారు. ఎలుక తోక టాంగ్ అని దానికి పేరు. కత్తిని ఊపినప్పుడు భారమంతా సరిగ్గా ఆ అతుకు మీద పడుతుంది. వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం పెళుసుబారి ఉంటుంది కాబట్టి అక్కడ కంటికి కనపడని పగులు మొదలై, ఊపిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. చివరికి పిడి చేతిలో మిగిలి అలుగు గాల్లోకి పోతుంది.

‘బ్యాటిల్ రెడీ’ అన్నది ఏ ప్రమాణం ప్రకారమూ పెట్టిన పేరు కాదు, అమ్మకపు మాట. ‘ఫుల్ టాంగ్’ కూడా ఒక్కోసారి అంతే. వెల్డ్ చేసిన కడ్డీ పామెల్ దాకా వెళ్లినా అలా రాసేవాళ్లున్నారు. అందుకే అడగాల్సినవి వేరు. ఉక్కు గ్రేడ్ ఏమిటి, టాంగ్ అలుగుతో ఏకఖండమేనా, మొత్తం బరువెంత, గార్డ్ దగ్గరా మొన దగ్గరా మందమెంత, కత్తి వేలి మీద సమంగా నిలిచే తూకం చోటు గార్డ్‌కు ఎన్ని సెంటీమీటర్ల ముందుంది. వీలైతే పిడి విప్పిన ఫొటో ఒకటి పంపమనండి. వస్తువు తెలిసిన అమ్మకందారు ఈ అంకెలు వెంటనే చెప్పగలడు.

ఉక్కు విషయానికొస్తే, అలంకార కత్తులు ఎక్కువగా 420 లేదా 440 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో వస్తాయి. దెబ్బ తట్టుకునే నకళ్లకు 1060, 5160, 6150 లాంటి ఉక్కులు వాడతారు. 1060 అంటే కార్బన్ సుమారు 0.60 శాతం ఉన్న సాదా కార్బన్ స్టీలు. స్టెయిన్‌లెస్ అనగానే ముఖం తిప్పుకోనక్కర్లేదు. గోడ మీదే ఉండే కత్తికి, తేమ ఎక్కువున్న ఇంట్లో, అది నిజాయితీ గల ఎంపిక. అంత పొడుగు అలుగుకు దెబ్బ తట్టుకునే సాగుడుతనం దానికి ఉండదని గుర్తుంటే చాలు.

ప్రశ్న: నా దగ్గర ఇప్పటికే ఒకటుంది. లోపల ఏ టాంగ్ ఉందో పగలగొట్టకుండా తెలుసుకోవచ్చా? అయస్కాంతం అంటుకుంది కాబట్టి కార్బన్ స్టీలే అనుకుంటున్నాను.

జవాబు: అయస్కాంతం మాట నమ్మకండి. వంటపాత్రలకు వాడే 304 రకానికి అది సరిగా అంటుకోదు గానీ, అలుగులకు వాడే 420, 440 రకాలకు గట్టిగానే అంటుకుంటుంది. అయస్కాంతాన్ని గార్డ్ మీద, పామెల్ మీద పెట్టి చూడండి, అక్కడ పనికొస్తుంది. అంటుకోకపోతే అవి ఇత్తడో, జింకు మిశ్రమంతో పోత పోసినవో అయ్యుండే అవకాశం ఎక్కువ. జింకు పోత కింద పడితే విరుగుతుంది. పైనున్న పూత లేచిన చోట మసక బూడిదరంగు బయటపడితే అదేనని తేలిపోయినట్టే.

ఇక టాంగ్. పామెల్ కొస చూడండి. నట్టు ఉంటే విప్పి చూడొచ్చు. అయితే నట్టు ఉన్నంత మాత్రాన నాసిరకం అనుకోకూడదు. వెడల్పాటి ఏకఖండ టాంగ్ కొసకే మరలు తీసిన మంచి కత్తులూ ఉన్నాయి. అలుగుకు గుడ్డ చుట్టి టేప్ వేయండి. కత్తిని బల్ల మీద పడుకోబెట్టి నట్టు తీసి, పామెల్, పిడి, గార్డ్ వరసగా జరపండి. జిగురు పట్టేసి రాకపోతే బలవంతం చేయకండి, పిడిలోని చెక్క నిలువునా చీలుతుంది.

బయటపడిన చోట రెండు గమనించండి. అలుగు వెనక కరిగి గట్టిపడిన లోహపు గడ్డ, దానికో గుండ్రటి కడ్డీ కనిపిస్తే అది వెల్డ్. టాంగ్ బల్లపరుపుగా, అలుగు వెడల్పులో సగానికి తగ్గకుండా మొదలై నెమ్మదిగా సన్నబడుతూ ఉంటే మంచిదే. అప్పుడు అలుగు భుజాలు, అంటే అలుగు తగ్గి టాంగ్‌గా మారే మూలలు, గుండ్రంగా ఉన్నాయేమో చూడండి. లంబకోణంలో కోసిన మూలలో ఒత్తిడంతా ఒక్క బిందువులో పోగవుతుంది. ఏకఖండ టాంగ్‌లు కూడా అక్కడే విరుగుతాయి.

ప్రశ్న: నా నకలు 2.6 కిలోలు తూగింది. ‘అప్పటి యోధులు అంత బరువే మోసేవారు’ అన్నాడు అమ్మినతను. నిజమేనా?

జవాబు: కాదు. నేడు మ్యూజియాల్లో ఉన్న లాంగ్‌సోర్డ్‌లలో అత్యధికం 1.1 నుంచి 1.8 కిలోల మధ్యే తూగుతాయి. అలుగు 85–105 సెం.మీ., మొత్తం పొడవు 110–130 సెం.మీ. దాకా. 16వ శతాబ్దపు భారీ రెండు చేతుల ఖడ్గాలు, ఊరేగింపుల కోసం చేసిన ఇంకా పెద్దవి వేరే జాతి. ఆ బరువులు తెచ్చి లాంగ్‌సోర్డ్‌కు అంటగట్టడం వల్ల ఈ మాట ప్రచారంలో ఉంది.

మీ కత్తి బరువెక్కడానికి అసలు కారణం వెర్నియర్ కాలిపర్‌తో ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. గార్డ్ దగ్గర, అలుగు మధ్యలో, మొనకు 10 సెం.మీ. ముందు మందం కొలిచి రాసుకోండి. పాత కత్తుల్లో గార్డ్ దగ్గర 5–8 మి.మీ. ఉన్న మందం మొన వైపు పోయేకొద్దీ సగానికో, ఇంకా తక్కువకో దిగుతుంది. పైనుంచి చూస్తే వెడల్పు తగ్గడమే కనిపిస్తుంది, ఈ మందం తగ్గడం కనిపించదు. కమ్మరి పనితనమంతా అందులోనే ఉంది. చవక నకళ్లను ఒకే మందమున్న రేకు నుంచి కోస్తారు కాబట్టి మూడు చోట్లా 5 మి.మీ. వస్తుంది. అనవసరపు ఉక్కంతా మొన వైపు మిగిలిపోతుంది.

తూకం కూడా చూడండి. అలుగును చదునుగా వేలి మీద పెట్టి, నిలిచిన చోటు నుంచి గార్డ్ దాకా కొలవండి. పాతవాటిలో సాధారణంగా 5–12 సెం.మీ. మందం తగ్గని నకళ్లలో 15 దాటుతుంది. పామెల్ తేలికపాటి పోత అయితే ఇంకా ముందుకు పోతుంది. దీన్ని తరవాత సరిచేయడానికి మార్గం లేదు. కొనే ముందే అడిగి తెలుసుకోవాల్సిన అంకె.

ప్రశ్న: నా కత్తి అలుగుకు గాడి లేదు, మధ్యలో నిలువు వెన్ను ఉంది. మొన సూదిలా ఉంది. పామెల్ పొడవాటి బేరిపండు ఆకారం. పెట్టె మీద ‘12వ శతాబ్దపు క్రూసేడర్ ఖడ్గం’ అని రాశారు. సరైనదేనా?

జవాబు: పెట్టె మీది రాత తప్పు. మీ కత్తి మాత్రం బాగానే ఉన్నట్టుంది. ఐరోపా మధ్యయుగపు ఖడ్గాలను గుర్తించడానికి సేకర్తలంతా వాడేది ఖడ్గాల పరిశోధకుడు యూవార్ట్ ఓక్‌షాట్ చేసిన వర్గీకరణ. అలుగు ఆకారం, అడ్డకోత (అలుగును అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం), గాడి పొడవు చూసి 10 నుంచి 22 దాకా రోమన్ అంకెలతో రకాలుగా విడదీశాడు. 12వ శతాబ్దంలో ఎక్కువగా కనిపించేవి ఒంటిచేతి పిడి, వెడల్పాటి అలుగు, దాదాపు మొన దాకా సాగే గాడి ఉన్నవి. మీరు చెప్పిన డైమండ్ అడ్డకోత, గాడి లేకపోవడం, త్రిభుజంలా సన్నబడే ఆకారం, రెండు చేతుల పిడి 15ఎ రకపు లక్షణాలు. రేకుల కవచాలు పెరిగిన 14వ శతాబ్దంలో, కీళ్ల దగ్గరి సందుల్లో పొడవడానికి గట్టి మొన అవసరమై ఈ ఆకారం వచ్చింది. ఆ బేరిపండు పామెల్‌ను ఓక్‌షాట్ టి రకంలో చేర్చాడు. అదీ 14వ శతాబ్దపు చివర, 15వ శతాబ్దంలో బాగా కనిపిస్తుంది. అంటే మీ కత్తిలో అలుగుకూ పామెల్‌కూ కాలం కుదిరింది. అలంకార నకళ్లలో ఇది అరుదే.

పోల్చి చూసుకోవడానికి లండన్‌లోని వాలెస్ కలెక్షన్, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ ఖడ్గాల ఫొటోలను కొలతలతో ఆన్‌లైన్లో పెట్టాయి. మరో మంచి ఆధారం కాస్టియాన్ ఖడ్గాలు. ఫ్రాన్స్‌లో 1453 నాటి కాస్టియాన్ యుద్ధం జరిగిన చోటికి దగ్గర, డోర్డోన్య్ నదిలో 1970లలో బయటపడిన సుమారు 80 కత్తుల గుట్ట అది. అందులోనే ఎన్ని రకాల అలుగులు, పామెల్‌లు కలగలిసి ఉన్నాయో చూస్తే, ‘అసలుది ఇలాగే ఉండాలి’ అని ఒకే నమూనాను పట్టుకు వేలాడే అలవాటు పోతుంది.

నకలు అందంగా లేదనిపిస్తే చాలాసార్లు తప్పు గార్డ్‌లో ఉంటుంది. సింహం తలలు, రంగురాళ్లు, అలుగు నిండా లేజర్‌తో చెక్కిన తీగలు ఈ కాలపు మామూలు కత్తికి నప్పవు. నిటారు గార్డ్, సాదా పామెల్, తోలు చుట్టిన పిడి ఉంటే చాలు, మిగతా అందమంతా కొలతల్లోంచే వస్తుంది. జర్మనీలోని పాసావ్ పట్టణపు కమ్మర్లు అలుగు మీద వేసిన పరుగెత్తే తోడేలు గుర్తు మీద మోజుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. పాతవాటిలో అది నాలుగైదు మోటు గీతలు, వాటిలో పొదిగిన ఇత్తడి లేదా రాగి తీగ. జర్మనీలోనే ఉన్న సోలింగన్ పట్టణపు కమ్మర్లు కూడా తరవాత అదే గుర్తు వాడారు. వెంట్రుకలతో సహా చక్కగా గీసిన తోడేలు కనిపిస్తే అది ఇప్పటి కంప్యూటర్ పని.

ప్రశ్న: అలుగు మీది గాడి రక్తం కారిపోవడానికేనా?

జవాబు: కాదు. బరువు తగ్గించడానికి. వెడల్పాటి అలుగులో మధ్య ఉక్కు తీసేసినా వంగకుండా నిలిచే బలం పెద్దగా తగ్గదు. నకలులో గాడి అంచులు రెండు వైపులా ఒకే లోతులో, తిన్నగా ఉన్నాయేమో వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పనితనం తెలిసిపోతుంది.

ప్రశ్న: కార్బన్ స్టీలు కత్తిని కొన్ని నెలలు తోలు ఒరలోనే ఉంచాను. తీసి చూస్తే మధ్యలో గోధుమరంగు మచ్చలు, గార్డ్ దగ్గర వేలిముద్రల ఆకారంలో తుప్పు. ఏం చేయాలి?

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. గార్డ్ దగ్గరివి చేతి చెమటలోని ఉప్పు వల్ల వచ్చాయి. మధ్యలోవి ఒర వల్ల: తోలు గాలిలోని తేమను పీల్చి అలుగుకు ఆనిస్తుంది, తోలు పదును చేసినప్పటి ఆమ్లాలు, లవణాలు దానికి తోడవుతాయి. ఒర పక్కన పెట్టుకుని చూసి ఆనందించడానికే. కత్తి దాచడానికి కాదు.

ముందు అలుగును బల్ల మీద బిగించి, పాత నూనెను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మచ్చల మీద కుట్టుమిషన్ నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. తరవాత 800 నంబరు ఎమరీ కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, నూనె తడితోనే రుద్దండి, ఆపైన 1200తో. అలుగును వెలుతురుకు ఏటవాలుగా పెడితే పాత మెరుగు గీతలు ఏ దిశలో ఉన్నాయో కనిపిస్తాయి. ఆ దిశలోనే రుద్దాలి. గుండ్రంగా రుద్దితే పడిన మచ్చ తుప్పు కన్నా వికారంగా ఉంటుంది. చెక్కముక్క లేకుండా వేళ్లతో రుద్దితే వెన్ను పదును పోయి గుండ్రబడుతుంది. తుప్పు పోయాక నల్లటి చిన్న గుంటలు మిగిలితే వదిలేయండి. వాటి లోతు దాకా చుట్టూ ఉన్న ఉక్కునంతా దింపితే తప్ప పోవు, దింపితే అలుగు అలలు తేలుతుంది.

పూతకు ఖనిజ నూనె చాలు. మీటరు అలుగుకు ఐదారు చుక్కలు మెత్తటి నూలుగుడ్డ మీద వేసి రెండు వైపులా తుడవండి. అలుగు తడిగా కనిపించకూడదు; కారే నూనెకు దుమ్ము అంటుకుని ఆ దుమ్మే తేమను పట్టి ఉంచుతుంది. వంటనూనెలు ఏవీ వద్దు, గాలికి జిగురై గట్టిపడతాయి. డబ్ల్యూడీ-40 తడిని తరిమేందుకు మంచిదే గానీ దాని పొర పలచన, నెలల తరబడి కాపాడదు. గోడ మీది కత్తికైతే నూనె కన్నా రినైసాన్స్ వాక్స్ మేలు. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో సంరక్షణ పనుల కోసం తయారైన మైక్రోక్రిస్టలిన్ మైనం ఇది. పలచగా రాసి, కొద్ది నిమిషాలాగి, పొడిగుడ్డతో మెరుగు పెట్టండి. దుమ్ము అంటదు, ఏడాదికి రెండుసార్లు చాలు. నూనె అయితే తేమ రోజుల్లో నెలకోసారి మళ్లీ పూయాలి.

స్టెయిన్‌లెస్ కత్తి ఉన్నవాళ్లకూ ఒక మాట. మామూలు స్టీల్ ఊల్‌తో రుద్దకండి. అందులోంచి రాలిన ఇనుప రజను అలుగుకు అతుక్కుని, తుప్పు పట్టి, కత్తే తుప్పు పట్టినట్టు చుక్కలు తేలతాయి.

ప్రశ్న: సోఫా పైన గోడకు అడ్డంగా తగిలించాలనుకుంటున్నాను. ఎలాంటి కొక్కేలు వాడాలి?

జవాబు: సోఫా పైన, మంచం పైన, తలుపు పైన వద్దు. కిలోన్నర బరువే కావచ్చు, కానీ జారితే మొన ముందుగా కిందికి వస్తుంది. అడ్డంగా పెట్టడం కన్నా మొన కిందికి ఉండేలా నిలువుగా వేలాడదీయడం భద్రం. అలుగు వెడల్పు కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ ఎడంలో రెండు కొక్కేలు బిగించి, గార్డ్ రెండు చేతులూ వాటి మీద ఆనేలా పెడితే దానంతట అది పక్కకు జారదు. ఇటుక గోడకైతే 8 మి.మీ. డ్రిల్, అదే కొలత ప్లాస్టిక్ ప్లగ్, 5 మి.మీ. మందం 50 మి.మీ. పొడవున్న స్క్రూ. ప్లాస్టర్‌బోర్డు గోడకైతే వెనకున్న చట్రం చెక్కలోకే స్క్రూ దిగాలి. గార్డ్‌ను కొక్కేలకు సన్నటి నైలాన్ దారంతో కట్టేస్తే ఎవరో తగిలినా ఊడిరాదు.

కొక్కేల మీద గుడ్డ, ఫెల్ట్ చుట్టవద్దు, అవి తేమను పట్టి ఉంచుతాయి. పీవీసీ గొట్టమూ వద్దు, పాతబడేకొద్దీ ఆమ్లం వదులుతుంది. పాలిథిలిన్ ఫోమ్ ముక్క వేయండి. ఓక్ చెక్క పలకకు బిగించాలని చాలామందికి సరదా. ఓక్ నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి లోహానికి మంచిది కాదని మ్యూజియం అరల్లో దాన్ని వాడరు. బయటి గోడ అయితే గోడకూ అలుగుకూ మధ్య 2–3 సెం.మీ. గాలి ఆడాలి.

ప్రశ్న: పిడి చేతిలో తిరుగుతోంది, తోలు కూడా ఊడుతోంది. ఇంట్లో బాగుచేయగలనా?

జవాబు: చేయొచ్చు, తొందర లేకుంటే. పిడి లోపలి చెక్క ఎండి కుంచించుకుపోవడమే సాధారణ కారణం. నట్టు ఉన్న కత్తి అయితే పిడికీ పామెల్‌కూ మధ్య 1–2 మి.మీ. తోలు వాషర్ వేసి, చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు తిప్పండి. ఇంకా బిగిస్తే చెక్క చీలుతుంది. రివెట్ కొట్టిన కత్తి అయితే టాంగ్ చుట్టూ ఉన్న సందులోకి గట్టి చెక్క పేళ్లను నిదానంగా గట్టిపడే ఎపాక్సీలో ముంచి దూర్చి, 24 గంటలు కదపకుండా వదిలేయండి.

తోలుకు 0.8–1 మి.మీ. మందమున్న, చెట్టు బెరడు సారంతో పదును చేసిన తోలు తీసుకోండి. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు తడిపినా ఆకారం పట్టదు. ముందు కాగితం చుట్టి ఆకారం కోసుకుని, చుట్టుకొలతకు 4 మి.మీ. అదనం ఉంచి తోలు కోయండి. అంచులను లోపలి వైపు నుంచి పలచగా చెక్కండి. గోరువెచ్చని నీటిలో నాననిచ్చి, గుడ్డతో అద్ది, చెక్కకు పీవీఏ జిగురు పలచగా రాసి చుట్టండి. అతుకు అలుగు అంచు ఉన్న వైపుకి రావాలి. దాని మీద 2 మి.మీ. నూలు తాడును బిగువుగా, పక్కపక్క వరసల్లో చుట్టి మర్నాటి దాకా వదిలేయండి. తాడు విప్పితే తోలు మీద సన్నటి వరసల అచ్చు మిగులుతుంది. పాత పిడుల మీద కనిపించే అచ్చు అదే. ఒక జాగ్రత్త: తడి తోలు ఇనుముకు తగిలితే ఇంకు లాంటి నల్లమచ్చ పడుతుంది, పోదు. ముందే గార్డ్‌కు, పామెల్‌కు టేప్ వేయండి.

ప్రశ్న: అలంకార కత్తికి పదును పెట్టించి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలను కోసి చూడొచ్చా?

జవాబు: వద్దు. అంచు 1–2 మి.మీ. మొద్దుగా ఉన్న అలుగును గ్రైండర్ మీద పెడితే పలచటి అంచు క్షణాల్లో నీలం తిరుగుతుంది. అంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరిందని. కార్బన్ స్టీలైతే అక్కడ గట్టిదనం తగ్గిపోయింది. ఒకవేళ పదును నిలిచినా, మొదటి ప్రశ్నలో చెప్పిన వెల్డ్ అలాగే ఉంటుంది. మొద్దు కత్తి ఎగిరితే గాయం, పదును కత్తి ఎగిరితే ప్రాణం. కత్తిసాము నేర్చుకోవాలనుంటే మొన గుండ్రంగా, అలుగు వంగేలా చేసిన ఫెడర్ అనే సాధన కత్తులు వేరే ఉన్నాయి.

ప్రశ్న: కొత్త మెరుపు నచ్చలేదు. పాతదానిలా కనిపించేలా చేయొచ్చా? అలా చేయడం తప్పా?

జవాబు: కార్బన్ స్టీలైతే తేలిక. గార్డ్, పిడి టేప్‌తో కప్పి, అలుగును ఎసిటోన్‌తో నూనె చుక్క లేకుండా తుడవండి. గోరువెచ్చని తెల్ల వెనిగర్‌ను గుడ్డతో సమంగా అద్దుతూ 15–20 నిమిషాలు తడిగా ఉంచండి. బూడిదరంగు తేలాక నీటితో కడిగి, వంటసోడా కలిపిన నీటితో ఆమ్లాన్ని విరిచి, మళ్లీ కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి నూనె పూయండి. వేలికి నూనె ఉండి అలుగును తాకితే అక్కడ రంగు పట్టక చారలు వస్తాయి. మరీ నల్లగా ఉందనిపిస్తే 1200 కాగితంతో తేలిగ్గా తగ్గించుకోవచ్చు. స్టెయిన్‌లెస్‌కు వెనిగర్ రంగు పట్టదు, ప్రయత్నించి కాలం వృథా చేయకండి.

తప్పు కాదు, దాచనంత వరకు. 19వ శతాబ్దంలో మధ్యయుగపు వస్తువుల మోజులో తయారైన నకళ్లు, మ్యూనిక్‌లో ఎర్నెస్ట్ ష్మిట్ కార్ఖానా చేసినవాటి లాంటివి, ఇవాళ నిపుణులను కూడా ఆగి చూసేలా చేస్తాయి. మంచి నకలు పాతబడితే చేతులు మారే కొద్దీ దాని పుట్టుక ఎవరికీ గుర్తుండదు. అందుకే పిడి విప్పగలిగే కత్తి అయితే టాంగ్ మీద ‘నకలు’ అన్న మాట, తయారైన ఏడాది చిన్న పంచ్‌తో కొట్టించండి. విప్పలేనిదైతే పామెల్ అడుగున చెక్కించి, కొన్న రసీదును కత్తితో పాటే ఉంచండి.